అత్తయ్య షుగరు కంచం: శ్రీకాకుళం వంటింటి ప్రాజెక్టు డైరీ

మా ఇంట్లో నలుగురం. షుగరు ఒక్క అత్తయ్యకే. వయసు 61, బరువు 68 కిలోలు, టైప్ 2 వచ్చి చాలా ఏళ్లయింది. మాత్రలు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్. మే నెలలో హెచ్‌బీఏ1సీ 9.1 వచ్చింది. అంటే రెండు మూడు నెలలుగా రక్తంలో చక్కెర సగటున 215 దగ్గర ఉన్నట్టు. కళ్ల పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ అప్పుడే చేయించాం. కిడ్నీలు బాగున్నాయని తేలాకే ఈ పని మొదలుపెట్టాం. ఆ పరీక్షల సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం గురించి రాసేటప్పుడు చెబుతాను.

పెట్టుకున్న షరతు ఒక్కటే: అత్తయ్యకి వేరే వంట ఉండదు. పొయ్యి మీద ఏది ఉడికితే అదే నలుగురికీ. వేరే వంట మా ఇంట్లో ఎన్నోసార్లు మొదలై ఆగిపోయింది. వండేవాళ్లు అలిసిపోతారు, తినేవాళ్లకి తామొక్కరే రోగిలా అనిపిస్తుంది. అందుకని మార్చాల్సింది కంచంలో మార్చాం.

డాక్టరు గారు పెట్టిన గురి: పరగడుపున 80 నుంచి 130, తిన్న రెండు గంటలకి 180 లోపు. ఇక్కడ రాసే చక్కెర అంకెలన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో.

దశ 1: ముందు ఉన్నది ఉన్నట్టు తూచడం

సామాన్లు:

1. ఒక గ్రాము వరకు చూపించే వంటింటి తూకం. గిన్నె పెట్టి సున్నా చేసుకునే బటన్ ఉండాలి.
2. గ్లూకోమీటరు, స్ట్రిప్పులు, సూదులు.
3. 150 మిల్లీలీటర్ల స్టీలు గిన్నెలు రెండు, కూరకొకటి, పప్పుకొకటి.
4. గీతలున్న నోటుబుక్కు. ఫోన్లో రాస్తే అత్తయ్యకి కనబడదు, ఆవిడకి కనబడకపోతే ఈ పని నడవదు.

మొదటి చిక్కు అన్నంతోనే. "వంద గ్రాముల అన్నంలో ఇంత పిండిపదార్థం" అని ఎక్కడో చూసి రాసుకుంటే లెక్క తప్పుతుంది. కొత్త బియ్యం ఒకలా, పాత బియ్యం ఒకలా నీళ్లు పీలుస్తాయి. కుక్కర్లో ఒక బరువు, గంజి వార్చితే ఇంకో బరువు. అందుకని మా గిన్నెకి మేమే లెక్క కట్టుకున్నాం:

1. ఖాళీ గిన్నెని తూచి, దాని అడుగున బరువు పెయింటుతో రాసేశాం.
2. పచ్చి బియ్యం 500 గ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం తెల్ల బియ్యంలో నూటికి సుమారు 78 గ్రాములు పిండిపదార్థం. అంటే గిన్నె మొత్తంలో 390 గ్రాములు.
3. ఉడికాక గిన్నె బరువు తీసేస్తే అన్నం 1400 గ్రాములు వచ్చింది.
4. 390ని 1400తో భాగించి వందతో హెచ్చవేస్తే, వంద గ్రాముల అన్నానికి 28 గ్రాములు.

మా ఇంటికి 28 అనే అంకె ఖాయం చేసుకున్నాం. బియ్యం బస్తా మారినప్పుడల్లా మళ్లీ ఒకసారి తూస్తాం.

రెండో చిక్కు మీటరు. మంచి మీటరైనా వంద దాటిన రీడింగుల్లో 15 శాతం అటూ ఇటూ ఉండొచ్చని ప్రమాణాలే ఒప్పుకుంటాయి. 160 చూపిస్తే అసలు 140 అయినా కావచ్చు, 180 అయినా కావచ్చు. అందుకని ఒక్క రీడింగు చూసి ఏ తిండికీ మంచి పేరూ చెడ్డ పేరూ పెట్టలేదు. ఒకే తిండిని వేరే వేరే రోజుల్లో పెట్టి, మధ్యలో వచ్చిన అంకె తీసుకున్నాం. ఇరవై లోపు తేడాని తేడాగా లెక్కపెట్టలేదు.

ఒకరోజు మధ్యాహ్నం రీడింగు 286 వచ్చింది. అంతకు ముందే అత్తయ్య మామిడిపండు చెక్కు తీసి మనవడికి ముక్కలు పెట్టారు, చెయ్యి పైటకు తుడుచుకున్నారు. సబ్బుతో కడిగి, బాగా ఆరబెట్టి, అదే వేలికి పక్క నుంచి మళ్లీ చూస్తే 171. వేలి మీద కనబడని పండు రసం కూడా మీటరుకి చక్కెరే. అప్పటి నుంచి నియమం: సబ్బు, నీళ్లు, పొడిగుడ్డ, ఆ తరవాతే సూది. వేలి కొసకు నడిమధ్యన కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ, మర్నాడు బియ్యం ఏరుకోవడానికి ఇబ్బంది ఉండదు. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే పెట్టెయ్యాలి. మన సముద్రపు గాలికి తేమ పట్టిందంటే డబ్బా మొత్తం దండగ.

ఏదీ మార్చకుండా తూచిన ఒక మామూలు రోజు:

- టీ రెండుసార్లు, పంచదారతో: 20 గ్రాములు
- ఇడ్లీలు 4, చట్నీ: 50
- మధ్యాహ్నం అన్నం 400 గ్రాములు (112), పప్పు, కూర, చారు, మజ్జిగ (20): 132
- సాయంత్రం బిస్కెట్లు: 20
- రాత్రి అన్నం 350 గ్రాములు (98), కూర, మజ్జిగ (12): 110

మొత్తం ఇప్పటికి: పిండిపదార్థం రోజుకు 332 గ్రాములు. పరగడుపు 148. మధ్యాహ్నం తినే ముందు 156, తిన్నాక 264.

ఇదే రోజుని పచ్చి సరుకులోకి మార్చి చూస్తే ధాన్యం 320 గ్రాముల దగ్గర, పప్పులు 30 గ్రాములు. పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2000 కేలరీల రోజుకి ధాన్యం 250, పప్పులు 85, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు ఉన్నాయి. కూరగాయలు తూస్తే మేం 150 కూడా దాటడంలేదు. నోటుబుక్కులో నాకు అన్నిటికంటే బాధ కలిగించిన అంకె అదే. నాగావళి, వంశధార పారే జిల్లాలో ఉండి, రైతుబజారు పక్కనే ఉండి, కంచంలో కూర చెంచాడు.

టీలో పంచదార మానడం, బిస్కెట్ల బదులు వేపిన సెనగలు 25 గ్రాములు పెట్టడం అప్పుడే చేసేశాం. వాటి గురించి రాయడానికి ఏమీ లేదు, వారంలో అలవాటైపోయింది. 332 నుంచి 314.

దశ 2: చోడి (రాగి) అంబలి దెబ్బతీసింది

చుట్టుపక్కల ఎవరిని అడిగినా మొదట చెప్పే మాట, "సుగరా? సోడంబలి తాగండి." విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం చంపావతి, గోస్తని అని మన నదుల పేర్లతోనే చోడి వంగడాలు ఇచ్చింది. ఈ పంట మన నేలది, దాని మీద నమ్మకం కూడా మన ఇళ్లల్లో అంత పాతది. చోళ్లలో పీచు వందకి 11 గ్రాములు, బియ్యంలో 3 లోపే. కాల్షియంలో అయితే బియ్యం వీటి దగ్గరకి కూడా రాదు. కాబట్టి ఇడ్లీ తీసేసి, మొలకెత్తించి ఎండబెట్టి మర పట్టించిన చోడి గుండతో (పిండితో) అంబలి కాచాం. బలం కదా అని మొలకలు.

గుండ 60 గ్రాములు, అంటే పిండిపదార్థం 40 గ్రాములు. ఇడ్లీల కంటే తక్కువే.

- ఇడ్లీ రోజు: ముందు 142, తరవాత 226. పెరిగింది 84.
- అంబలి రోజు: ముందు 138, తరవాత 231. పెరిగింది 93.

వేరే రోజుల్లో చూసినా అంతే. కారణాలు ఇవి:

మొలకెత్తినప్పుడు గింజలోని పిండిపదార్థం కొంత అప్పుడే చక్కెరగా మారుతుంది. మొలక గుండతో కాచిన జావ తియ్యగా ఉండేది అందుకే. చంటిపిల్లలకి తేలిగ్గా అరగడానికి అది మంచిది. షుగరు మనిషికి తేలిగ్గా అరగడమే ఇబ్బంది. రెండోది, మెత్తగా పట్టించి, జల్లించి, నీళ్లలా కాస్తే నమిలే పని ఉండదు, కడుపులోంచి త్వరగా జారిపోతుంది. జల్లెడలో మిగిలిన పొట్టు మేం గేదెల పాకకి పంపిస్తున్నాం, పీచంతా అందులోనే పోతోంది. మూడోది, పరగడుపున ఒట్టి అంబలి, పక్కన పప్పు లేదు, గుడ్డు లేదు, కూర లేదు.

ఇది రాసేది చోళ్లని తప్పుపట్టడానికి కాదు. వండే తీరు మార్చి చూశాం:

1. మొలకలు మానేశాం. మామూలు చోళ్లు, కొంచెం బరకగా, జల్లించకుండా.
2. గుండ 60 నుంచి 35 గ్రాములకి తగ్గించాం.
3. రాత్రి కాచి పులియబెట్టి, పొద్దున పల్చటి మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు కలిపాం. పాత పద్ధతే.
4. అంబలి ముందు ఒక గిన్నె ఉలవ గుగ్గిళ్లు. పచ్చి ఉలవలు 30 గ్రాములు, రాత్రి నానబెట్టి, కుక్కర్లో ఏడు విజిల్స్.

గుగ్గిళ్లు నమిలి తినడానికే పది నిమిషాలు పడుతుంది. పిండిపదార్థం లెక్క: చోడి 23, ఉలవలు 17, మజ్జిగ 5, మొత్తం 45. ఇడ్లీకి దీనికి తేడా 5 గ్రాములే. పెరిగింది మాత్రం 48. ఆ అంకె చూసి అత్తయ్య నోటుబుక్కు తన దగ్గరకి లాక్కుని స్వయంగా గీత గీశారు. ఉలవలు ఉడికిన నీళ్లు పారబొయ్యం, నలుగురికీ చారు అదే.

ఉలవలు రోజూ తింటే కడుపు ఉబ్బరం వచ్చింది. వారంలో మూడు రోజులకి తగ్గించి, మిగతా రోజులు పెసలు, బొబ్బర్లు, ఒకరోజు గుడ్లు పెట్టాం. నానబెట్టిన నీళ్లు ఒంపేసి కొత్త నీళ్లలో ఉడికిస్తే ఉబ్బరం తగ్గింది.

పదకొండు గంటలకి ఒక గ్లాసు పల్చటి మజ్జిగ చేర్చాం, 3 గ్రాములు.

మొత్తం ఇప్పటికి: రోజుకు 312 గ్రాములు. టిఫిను తరవాత పెరుగుదల 84 నుంచి 48.

దశ 3: మధ్యాహ్నం అన్నం, మారువడ్డన

ఈ దశ గురించే ఎక్కువ రాయాలి. డైరీలో సగం పేజీలు దీనివే.

మొదటి పద్ధతి: 400 గ్రాముల అన్నాన్ని ఒక్కసారిగా 200 చేశాం. భోజనం తరవాత అంకె బాగుంది. నాలుగు గంటలకి ఆకలితో జంతికల డబ్బా తీశారు. ఆ వారంలోనే ఒకరోజు సాయంత్రం ఐదింటికి చల్లటి చెమటలు, చేతులు వణుకు, మాట తడబడింది. మీటరులో 64. గ్లూకోజు పొడి 15 గ్రాములు నీళ్లలో కలిపి ఇచ్చాం, పదిహేను నిమిషాలు ఆగి చూస్తే 88. వెంటనే చిన్న భోజనం.

ఇలాంటి పని తలపెట్టేవాళ్లు ఇక్కడ ఆగి చదవాలి. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర, లేదా ఇన్సులిన్, తిన్నా తినకపోయినా చక్కెర దించుతూనే ఉంటుంది. అన్నం సగం చేసి మాత్ర అంతే ఉంచితే చక్కెర పడిపోతుంది. ముందు డాక్టరుకి చెప్పి, ఎంత తగ్గిస్తున్నామో కాగితం మీద చూపించి, తరవాతే గరిటె తగ్గించాలి. మాకు డాక్టరు గారు గ్లిమెపిరైడ్ సగం చేశారు. సొంతంగా మాత్ర మార్చడం ఎప్పుడూ చెయ్యలేదు.

ఆ రోజు నుంచి ఇంట్లో మూడు చోట్ల 15 గ్రాముల గ్లూకోజు పొట్లాలు ఉన్నాయి: వంటింట్లో, మంచం పక్కన, అత్తయ్య చేతిసంచిలో. అలాంటప్పుడు లడ్డూ, చాక్లెట్ పెట్టకూడదు. వాటిలోని నెయ్యి, కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది.

రెండో పద్ధతి: మెల్లగా 400 నుంచి 300, తరవాత 250. ఇక్కడ వేరే ఇబ్బంది వచ్చింది. ఎంత వడ్డించినా చివరికి మళ్లీ అడిగేవారు. "ఏటమ్మా, మజ్జిగలోకి అన్నం లేకుండా లేచిపొమ్మంటావా?" అన్నారు ఒకరోజు. కోపం కాదు, నిజంగా అడిగారు. అప్పుడు తినే పద్ధతినే తూచాం. ప్రతి కలుపుకీ ముందు కంచం తూకం మీద పెట్టి రాశాను:

- పప్పులోకి: 140 గ్రాములు
- కూరలోకి: 90
- చారులోకి: 80
- మజ్జిగలోకి: 90
- మొత్తం: 400

అసలు విషయం ఇందులో ఉంది. మన భోజనం వరసలో నడుస్తుంది. పప్పు, కూర, చారు, మజ్జిగ, ప్రతి దానికీ కొత్తగా అన్నం పడుతుంది. బయట అచ్చయ్యే కాగితాల్లో కంచాన్ని గీతలు గీసి సగం కూర, పావు అన్నం, పావు పప్పు అని చూపిస్తారు. అన్నీ ఒకేసారి కంచంలోకి వచ్చే ఇంటికి ఆ బొమ్మ పనికొస్తుంది. నాలుగుసార్లు వడ్డించే ఇంట్లో ఆ బొమ్మ మొదటి వడ్డనకే సరిపోతుంది, మిగతా మూడిటికీ లెక్క లేదు. అన్నం తగ్గించమని చెప్పేకంటే, అన్నం ఎన్నిసార్లు పడుతోందో తగ్గించాలి.

మార్చిన పద్ధతి:

1. ముందు కూర ఒట్టిగా, 100 గ్రాములు, గిన్నెలో. ఆనపకాయ, బీరకాయ, దొండకాయ, వానల్లో ఆగాకర, ఏదైనా. నూనె, ఉప్పు, కారం తగ్గించి వండితేనే ఒట్టిగా తినగలరు. ఇది నలుగురం చేస్తున్నాం.
2. తరవాత అన్నం ఒక్కసారే, 200 గ్రాములు, కంచంలో. దాన్ని చేత్తో రెండు భాగాలు చెయ్యాలి, పప్పుకొకటి, మిగతా కూరకొకటి. పప్పు గట్టిగా, పచ్చిది 30 గ్రాములు పడేలా.
3. చారు గ్లాసులో పోసి తాగడానికి.
4. మజ్జిగ కూడా గ్లాసులో. జీలకర్ర పొడి, కరివేపాకు, చిటికెడు ఉప్పు.
5. అన్నం గిన్నె వంటింట్లోనే ఉంటుంది. భోజనాల దగ్గరికి రాదు.

అయిదోది అన్నిటికంటే బాగా పనిచేసింది. నాలుగోది అన్నిటికంటే కష్టమైంది. మజ్జిగన్నంతో ముగించకపోతే తిన్నట్టే ఉండదన్నారు అత్తయ్య. ఆ మాటకి విలువ ఇవ్వాలి, అరవై ఏళ్ల అలవాటు అది. చివరికి కుదిరిన రాజీ: 200 గ్రాముల్లోంచే రెండు ముద్దలు, సుమారు 40 గ్రాములు, మజ్జిగకి అట్టేపెట్టుకోవడం. లోపలికి వెళ్లేది మాత్రం 200 దాటదు. అప్పటి నుంచి జంతికల డబ్బా జోలికి వెళ్లలేదు.

కూర ముందా, అన్నం ముందా అన్నది విడిగా కూడా చూశాం. ఒకే బరువులు, వరస మాత్రం మార్చి. అన్నం ముందు తిన్న రోజుల్లో తరవాతి రీడింగు 196, కూర ముందు తిన్న రోజుల్లో 174. తేడా 22, మీటరు తప్పుకి కొంచెమే పైన. కానీ చూసిన ప్రతిసారీ అదే వైపుకి వచ్చింది, ఖర్చు లేని పని, ఉంచేశాం.

లెక్క: అన్నం 56, పప్పు 16, కూరలు 200 గ్రాములకి 10, మజ్జిగ 4. మొత్తం 86.

మొత్తం ఇప్పటికి: రోజుకు 266 గ్రాములు. మధ్యాహ్నం ముందు 128, తరవాత 174. పెరుగుదల 108 నుంచి 46.

ఆగస్టులో హెచ్‌బీఏ1సీ 7.8.

దశ 3కి అనుబంధం: సామలు

బియ్యం మార్చి చూడమని చాలామంది అన్నారు. దుకాణంలో కొన్న సామలు తెల్లగా మెరుస్తూ వచ్చాయి. పాలిష్ పట్టినవి, పీచు తవుడుతో పోయింది. అదే 200 గ్రాములు వండి పెడితే రీడింగులో చెప్పుకోదగ్గ తేడా లేదు. సీతంపేట సంత నుంచి తెలిసినవాళ్లు తెచ్చిన సామలు మట్టి రంగులో ఉన్నాయి, ఉడకడానికి రెట్టింపు సమయం, ముందు గంట నానబెట్టాలి. వాటితో పదిహేను, ఇరవై తగ్గింది. మంచిదే, అయితే మారువడ్డన ఆపడంలో వచ్చిన లాభంతో పోల్చితే చిన్నది. వారానికి రెండు మధ్యాహ్నాలు ఉంచాం. సామలు తిన్నాం కదా అని 300 పెట్టుకుంటే వచ్చిన లాభం పోతుంది, అదీ తూచి చూశాం.

దశ 4: రాత్రి

పగటి అంకెలు దారిలో పడ్డా పరగడుపు 140 దగ్గరే ఆగింది. రాత్రి భోజనం తొమ్మిదిన్నరకి, తరవాత టీవీ, పడక. మొదట మార్చింది వేళ: ఏడుంపావుకి భోజనం. మావయ్య షాపు కట్టేసి వచ్చేది తొమ్మిదికి కాబట్టి ఇది ఇంట్లో పెద్ద మార్పు. అత్తయ్య, బాబు ముందు తింటారు, నేను మావయ్యతో.

రాత్రి అన్నం బదులు గోధుమ రవ్వ ఉప్మా చేశాం, పనికిరాలేదు. నోటికి బాగుంటుంది కాబట్టి గిన్నెడు తినేస్తారు, పిండిపదార్థం అన్నంతో సమానం. తరవాత చోడి రొట్టె. మొదట్లో అంచులు పగిలిపోయేవి, చల్లారితే అట్టముక్కే. కుదిరిన కొలత:

1. చోడి గుండ 60 గ్రాములు, తురిమిన ఆనపకాయ 40, ఉల్లిపాయ, పచ్చిమిరప, గుప్పెడు మునగాకు, ఉప్పు.
2. మరుగుతున్న నీళ్లు 70 మిల్లీలీటర్లు. చన్నీళ్లతో కలిపితే పగుళ్లే. వేడినీళ్లు పోసి మూతపెట్టి పది నిమిషాలు వదిలెయ్యాలి.
3. రెండు ముద్దలు. తడిబట్ట మీద, చెయ్యి తడుపుకుంటూ తట్టాలి. మందం చిటికెన వేలి గోరంత. పల్చగా తడితే ఎండిపోతుంది.
4. పెనం మీద అర చెంచా నూనె, సన్నటి మంట, మూతపెట్టి ఒక వైపు నాలుగు నిమిషాలు. మూత తీసినప్పుడు పైన చెమ్మ ఆరి, రంగు ముదిరితే తిప్పాలి.

పక్కన కూర, గుడ్డో చేపల పులుసో. పులుసులో ముక్కలు తినాలి, పులుసు అన్నంలోకి కాదు కాబట్టి చింతపండు తగ్గించి వండుతున్నాం. ఎండు నెత్తళ్లయితే వేడినీళ్లలో నానబెట్టి రెండుసార్లు ఒంపాలి, లేకపోతే ఉప్పు చాలా ఎక్కువ. రోజు మొత్తం ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలంటారు. ఆవకాయ రోజూ వేసుకునే ఇంట్లో అది అసాధ్యం, అందుకని ఆవకాయ ఆదివారానికి మారింది.

లెక్క: రొట్టెలు 40, కూర 10, మజ్జిగ 4. మొత్తం 54. ఇంతకు ముందు 110.

తిన్న అరగంటకి వీధిలో పదిహేను నిమిషాల నడక. కండరాలు పనిచేస్తే చక్కెరని అవే వాడుకుంటాయి. వానాకాలంలో రోడ్డు మీద నడవలేక మేడ మీద, అదీ కుదరనప్పుడు వరండాలో అటూ ఇటూ. అరికాళ్లకి దెబ్బ తగిలితే మానడం ఆలస్యం, కాబట్టి వరండాలో అయినా చెప్పులతోనే.

మొత్తం ఇప్పటికి: రోజుకు 210 గ్రాములు. పరగడుపు 121.

దశ 5: పళ్లు, పండగలు

పళ్లు పూర్తిగా మాన్పించాలని మొదట్లో అనుకున్నాం. అక్కర్లేదు. జామకాయ 100 గ్రాములు సాయంత్రం సెనగలతో కలిపి పెడితే రీడింగు కదల్లేదు. లెక్కలో 10 చేర్చాం, రోజు మొత్తం 220 దగ్గర నిలబడింది. మామిడిపండు టెంక తీసి 100 గ్రాములు, భోజనంతో కాకుండా విడిగా. రసం తీస్తే వద్దు. ముంజెలు రెండు.

సిరిమానోత్సవానికి విజయనగరం బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు తూకం తీసుకెళ్లలేం. అక్కడ పాటించింది ఒక్కటే: అన్నం ఒక్కసారే వడ్డించుకోవడం. అప్ప వరసావిడ ప్రేమగా మళ్లీ మళ్లీ వడ్డించబోతే, అత్తయ్య కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి "కూర వెయ్యి, తింటాను" అన్నారు. ఆ రాత్రి 192. గురి దాటింది, అయినా పాత 264 కాదు.

సంక్రాంతి అరిసె ఒకటి తూస్తే 40 గ్రాములు, పిండిపదార్థం సుమారు 28. అంటే వంద గ్రాముల అన్నం. అరిసె తినే పూట అన్నం 100 మాత్రమే. బెల్లం కదా, తాటిబెల్లం కదా అని ఊరుకోకూడదు, బెల్లంలో నూటికి 85 వరకు చక్కెరే.

ఉద్దానంలో ఉన్నవాళ్లకి

కవిటి వైపు ఉన్న మా చుట్టాలావిడ ఈ పట్టిక ఫొటో తీసుకుని అలాగే మొదలుపెట్టబోయారు. ఆవిడకీ షుగరే, కానీ క్రియాటినిన్ అప్పటికే ఎక్కువ. అదృష్టవశాత్తు ముందు డాక్టరుకి చూపించారు. ఆవిడకి పప్పు, ఉలవలు తగ్గించారు, ఆకుకూరలు ఉడికించి నీళ్లు పారబొయ్యమన్నారు, పొటాషియం తగ్గడానికి. మేం ఒంపకుండా చారు చేసుకునే ఉలవకట్టు ఆవిడకి పనికిరాదు. మాకు మేలు చేసిన కంచం ఆవిడకి హాని చేసేది. సోడియం తక్కువని అమ్మే ఉప్పుల్లో పొటాషియం ఉంటుంది, అవీ కిడ్నీ మనుషులకి ప్రమాదం.

ఇచ్ఛాపురం, సోంపేట, కంచిలి, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఎక్కడివాళ్లయినా ఈ డైరీలో ఒక్క వంట కూడా చెయ్యకముందు క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూపించుకోండి. పలాసలో 2023 డిసెంబరు నుంచి కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ఉన్నాయి. చేతులు జోడించి అడుగుతున్నాను, ముందు పరీక్ష, తరవాతే పట్టిక.

ఇప్పుడు నడుస్తున్న వారం

- పొద్దున: అంబలి (గుండ 35), గుగ్గిళ్లు లేదా గుడ్లు. ఆదివారం ఇడ్లీలు 2, సాంబారు రెండు గిన్నెలు.
- మధ్యాహ్నం: కూర 100 ముందు, అన్నం 200 ఒక్కసారి, పప్పు, మరో 100 కూర, చారు, మజ్జిగ గ్లాసుల్లో. మంగళ, శుక్రవారాలు సామలు.
- సాయంత్రం: సెనగలు 25, జామకాయ.
- రాత్రి ఏడుంపావు: చోడి రొట్టెలు 2, కూర, గుడ్డు లేదా చేప. గురువారం పెసరట్లు 2.

పచ్చి సరుకు లెక్కలో ధాన్యం 170 గ్రాముల లోపు, పప్పులు 85, కూరగాయలు 400. నవంబరులో హెచ్‌బీఏ1సీ 7.2, బరువు 64. పరీక్షలు తగ్గించాం, వారంలో రెండు రోజులు జతగా చూస్తున్నాం, ముందు, రెండు గంటల తరవాత.

తేలనివి రెండున్నాయి. పెసరట్టు రోజు రీడింగు ఒకసారి 150, ఒకసారి 190. పొట్టు పెసలు వేసినప్పుడు, పొట్టు తీసిన పప్పు వేసినప్పుడు విడిగా తూచి రాయాలి, బియ్యం కలుపుతున్నామా లేదా అన్నది కూడా. రెండోది, మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లు వాడితే బీ12 తగ్గుతుంది. అత్తయ్య పాదాల్లో తిమ్మిరి షుగరు వల్లనా, దానివల్లనా అని డాక్టరు గారు బీ12 పరీక్ష రాశారు. రక్తం సోమవారం ఇస్తున్నాం, ఫలితం వచ్చాక గుడ్లు, చేపలు వారానికి ఎన్నిసార్లు పెట్టాలో ఆయన్ని అడిగి పట్టిక మారుస్తాను.